లార్స్ కనుమ దాకా ఎదుర్కోళ్లు

అర్మేనియా గణతంత్రం ఐరోపా సమాఖ్య వైపు అడుగు వేయాలా, రష్యా ప్రాపులోనే నిలవాలా అన్న జటిల సమస్య నిరుటి పసుపు కాలంలో జక్రాన్‌పల్లి దగ్గరి మా ఇంటి కల్లంలో చర్చకు వచ్చింది. బ్రస్సెల్స్ నుంచి గాని, మాస్కో నుంచి గాని పరిశీలకులెవరూ హాజరు కాలేదు. అధ్యక్షత మా వదినె గంగుబాయి వహించింది. రాజదండానికి బదులు ఆమె చేతిలో, ఉడుకుతున్న పసుపు కొమ్ము మెత్తబడిందో లేదో గుచ్చి చూసే చీపురుపుల్ల ఉంది. రాయబారి, అనువాదకుడు, కార్యదర్శి అన్న మూడు పదవులనూ నేనే అలంకరించాను. పోటీకి మరెవరూ నిలబడలేదు.

నా అర్హతలు విన్నవించుకోవాలి. పేరు ఆత్మారాం. బోధన్‌లో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధించి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. అన్న పోయిన తరువాత వదినె, "బోధన్ల ఒక్కనివి ఏం వండుకొని తింటవు, ఇంటికి రా" అని కబురు పెడితే పుస్తకాల పెట్టెలతో సహా వచ్చి ముందటి అర్రలో స్థిరపడ్డాను. అన్నిటికన్నా పెద్ద అర్హత, నాకు రష్యన్ రావడం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత ఊరందరికీ గడియారంగా ఉన్న రోజుల్లో అక్కడి ఒక గల్లీలో భారత సోవియట్ మైత్రీ పఠనమందిరం ఉండేది. ప్రపంచం ఎటు పోతుందో తనకు తెలిసిపోయిందని మనిషి నమ్మే ఇరవై రెండేళ్ల వయసులో అక్కడ కూర్చుని ఆ భాష నేర్చుకున్నాను. తరువాత సోవియట్ యూనియన్ కూలింది. పఠనమందిరంలో కిరాణా దుకాణం వెలిసింది. చివరికి ఫ్యాక్టరీ కూడా మూతపడింది. నా రష్యన్ మాత్రం చెక్కుచెదరలేదు. మాట్లాడడానికి మనిషి దొరకని భాష అరిగే అవకాశం లేదు కదా.

వదినె ఒక్కగానొక్క కూతురు నిఖిత అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో వైద్యవిద్య ఆఖరి సంవత్సరంలో ఉంది. మాఘమాసంలో, పసుపు తవ్వకం సగంలో ఉండగా సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. వెంట ఒక ఆజానుబాహువు. గద్దముక్కు, దట్టమైన కనుబొమలు, వాటి కింద బోలెడు సిగ్గు. వాకిట్లోనే బూట్లు విడిచి, నేర్చుకున్న తెలుగంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాడు.

"దండం అవ్వా. మంచిగున్నవా. తిన్నవా."

వదినె కూతురి వైపు తిరిగింది. "ఎవలే గీ పిలగాడు?"

"అరామ్. దవాఖాన్ల మిషన్లు బాగుచేస్తడు." నిఖిత భుజం మీది బ్యాగు కింద పెట్టింది. "నేను గాయన్నే చేసుకుంట అవ్వా."

"పేరే ఆరామా?" పక్కింటి సాయన్న గోడ మీదుగా తల పెట్టాడు. ఆయన మా గ్రామాభివృద్ధి కమిటీ పెద్ద. ఆయన చెవిన వేయకుండా ఊళ్లో కోడి కూడా గుడ్డు పెట్టదు. "ఇగ పనేం జేస్తడు?"

పని చేశాడు. పూర్వం అల్లుణ్ణి పరీక్షించడానికి విల్లు విరిపించేవారు. మా వదినె ఔననకుండా, కాదనకుండా కల్లంలో పసుపు ఎండబెట్టించింది. ఉడికించిన కొమ్ముల్ని పలుచగా పరవడం, పొద్దు తిరిగినకొద్దీ తిరగేయడం, సాయంత్రం మంచు పడకుండా కుప్పచేసి పరదా కప్పడం. నాలుగు రోజుల్లో అతని చేతులు మోచేతుల దాకా పచ్చబడ్డాయి. మధ్యలో ఉడకబెట్టే మిషన్ గొట్టం పగిలితే అరామ్ దాని చుట్టూ ఒక పూటంతా తిరిగి, కొలతలు తీసుకుని, ఈ భాగం జర్మనీ నుంచి తెప్పించాలని తేల్చాడు. సాయన్న సైకిల్ ట్యూబ్ కోసి చుట్టి కట్టాడు. మిషన్ నడిచింది. ఐరోపాకు మా ఊళ్లో జరిగిన తొలి పరాభవం అది.

వారం దాటినాక ఒక మధ్యాహ్నం కల్లం గట్టు మీద వదినె విచారణ మొదలుపెట్టింది.

"తల్లి?"

"లేదు అవ్వా. చిన్నగున్నప్పుడే పోయింది."

"తండ్రి?"

"ఉన్నడు. వర్దాన్ అని. లారీ నడుపుతడు. రష్యాకు సరుకు కొండవోతడు."

"మేనమామ?"

నిఖిత అరామ్ వైపు చూసింది. ఆ మాటకు అర్థం అతనికి ముందే చెప్పి ఉంచినట్టుంది. అతను ఒక పసుపు కొమ్ము తీసి అటూ ఇటూ తిప్పి, మళ్లీ దాని చోటనే జాగ్రత్తగా పెట్టాడు.

కథ అక్కడ ఉంది. వర్దాన్ ఉండే గ్యుమ్రి పట్టణంలో రష్యా సైన్యపు స్థావరం ఉంది. ఆయన పొయ్యిలో మండే గ్యాసు రష్యాది. ఆయన లారీలోని ఆప్రికాట్లు, సారా సీసాలు పోయేది రష్యా బజారుకు. జార్జియా మీదుగా పోయి లార్స్ అనే కొండ కనుమ దాటాలి. ఆ కనుమ తెరిచి ఉంటే ఇల్లు గడుస్తుంది. మేనమామ గెవోర్గ్ యెరెవాన్‌లో చరిత్ర పంతులు. దేశం ఐరోపాలో చేరాలని వీధి వీధి తిరిగి సంతకాలు సేకరించిన వాళ్లలో ఒకడు. అలాంటివారి సంతకాల పుణ్యమా అని, చేరే ప్రయత్నం మొదలుపెడతామనే చట్టం ఆ నెలల్లోనే వాళ్ల పార్లమెంటు ముందుకు వచ్చింది.

"అయితే ఏందంట? మనింట్ల రెండు పార్టీలోళ్లు లేరా?" అంది వదినె.

"గది కాదవ్వా." నిఖిత గొంతు తగ్గించింది. అరామ్‌కు తెలుగు రాకపోయినా అతని ముందు ఆ మాట గట్టిగా అనడానికి మనసొప్పలేదేమో. "గెవోర్గ్ మామ కొడుకు మొన్నటి లడాయిల పోయిండు. ఇరవై ఏండ్లు గూడ లేవు. ఏడాది దినం నాడు అందరు బల్ల కాడ కూసున్నరు. 'కాపాడుతమని రాసిచ్చిన రష్యోళ్లు రాలే' అన్నడు మామ. 'నీ యూరపోళ్లు అచ్చిండ్రా మరి?' అన్నడు ఈయన బాపు. గంతే. మామ బల్ల కాడికెల్లి లేచిపోయిండు. గప్పటి సంది మాటల్లేవు."

వర్దాన్ ప్రశ్నలో అబద్ధం లేదు. అంతర్జాతీయ సంబంధాల పరీక్షలో రాసి ఉంటే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. చనిపోయిన పిల్లవాడి పేరున వడ్డించిన అన్నం ముందు అడగవలసిన ప్రశ్న కాదు, అంతే.

వదినె ముందున్న కొమ్ముల్ని చేత్తో ఒకసారి తిరగేసింది. తరువాత తీర్పు చెప్పింది.

"పిలగాడు మంచోడు. చేద్దాం లగ్గం. కని ఎదుర్కోళ్లకు తండ్రి రావాలె. మేనమామ వచ్చి బట్టలు వెట్టాలె. ఇద్దరు ఒక్క జాజిం మీద కూసోవాలె. గట్లయితేనే."

ఎదుర్కోళ్లంటే మాకు పెళ్లికి ముందు పెద్ద ముచ్చట. మగపెళ్లివారికి ఎదురుపోయి, పెద్దలూ పెద్దలూ ఆలింగనం చేసుకుని, షర్బత్ తాగించుకుని పందిట్లోకి తోలుకొస్తాం. ఎదురుపోవడానికి అవతల ఒక పక్షం ఉండాలి కదా.

"అవ్వా, గాళ్లు ఫోన్ల గూడ మాట్లాడుకోరు!"

"మాట్లాడుకోమను."

"వదినె, రెండు శిబిరాల మధ్య ఇన్నేళ్లుగా నలుగుతున్న వివాదం ఇది," అన్నాను రాజనీతిజ్ఞుడి గాంభీర్యంతో.

"నాకు యూరప్ తెల్వది, రష్యా తెల్వది ఆత్మారామూ. నా లగ్గంల మా మామ రాలే. కాలువ నీళ్ల కాడ మా బాపుతోని లడాయి. ఎవలది ముందు తడి అని! నేను దుకాణంల కొన్న చీర కట్టుకొని పీటల మీద కూసున్న. బిడ్డ లగ్గం చేస్తున్న, ఇంకా ఆ చీర యాదికస్తది. ఒంటికి అంటనే అంటలే అది." చీపురుపుల్ల అరామ్ వైపు చూపింది. "తల్లి లేని పోరడు. గాయనకు గట్ల గావద్దు."

నిఖిత అదంతా అరామ్‌కు అతని భాషలో చెప్పింది. అతను విని, తలవంచుకుని, ఒక్క మాటే అన్నాడు. "వాళ్లిద్దరూ రాకపోతే నాకూ ఈ పెళ్లి సగమే అంటున్నడు" అని నిఖిత కళ్లు తుడుచుకుంది.

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ఈ సూత్రానికి తగిన స్థానం లభించలేదు. నేను కల్పించాను.

మరునాడు పొద్దున వర్దాన్‌కు వీడియోలో ఫోన్ చేశాం. తెర మీద నెరిసిన మీసం, లారీ క్యాబిన్, కిటికీకి వేలాడే చిన్న శిలువ కనిపించాయి. నేను గొంతు సవరించుకుని, నాలుగు దశాబ్దాలుగా భద్రపరచిన రష్యన్‌ను బయటికి తీశాను. తెలుగులో పెడితే అది ఇలా ఉంటుంది: "మిక్కిలి గౌరవనీయులైన కామ్రేడ్ వర్దాన్ గారూ! మన ఉభయ ప్రజల మధ్య నెలకొన్న అచంచల మైత్రీ వాతావరణంలో మీకు శ్రామిక అభివాదాలు తెలియజేయుటకు అనుమతింపుడు!"

ఆయన లారీని పక్కకు తీసి ఆపాడు. నవ్వాడు. నవ్వి నవ్వి, టోపీ తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"అయ్యా, మీరు మా ఇంటి రేడియోలాగే మాట్లాడుతున్నారు," అన్నాడు. "నా చిన్నప్పుడు వంటింట్లో గోడకు ఉండేది. మా అమ్మ రొట్టెలు చేస్తుంటే అది ఇట్లాగే మాట్లాడేది. ఇంకా ఏమన్నా చెప్పండి."

ఆ విధంగా నా రష్యన్‌కు జీవితంలో మొదటి శ్రోత దొరికాడు. రోజూ పొద్దున మాట్లాడుకునేవాళ్లం. ఆయన వాతావరణం, టైర్లు, సరిహద్దులో లారీల వరుస గురించి చెప్పేవాడు. నేను ఉక్కు ఉత్పత్తి గురించి చెప్పగలిగేవాణ్ణి. ఆకలిగా ఉందని చెప్పడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్నేహం కుదిరాక, అదను చూసి మొదటి అబద్ధం వదిలాను.

"గెవోర్గ్ గారితో మాట్లాడాను. 'బావ రాకుండా నేను ఆ పందిట్లో కూర్చోను' అన్నారు."

"గెవోర్గ్ అన్నాడా?"

"అన్నారు."

గెవోర్గ్ వేరే మనిషి. సన్నగా, పొట్టిగా, అద్దాలతో, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. వెనక గోడ మీద సైనిక దుస్తుల్లో ఒక కుర్రవాడి ఫొటో. నేను రష్యన్‌లో మొదలుపెట్టబోతే ఇంగ్లిష్‌లో ఆపాడు. "ఆ భాష నాకు మీకన్నా బాగా వచ్చు. మాట్లాడను." ఆ తరువాత అంతా ఇంగ్లిష్‌లోనే నడిచింది. అతనికి రెండో అబద్ధం వినిపించాను.

"'తల్లి లేని పిల్లవాడికి బట్టలు పెట్టే అధికారం గెవోర్గ్ ఒక్కడిదే' అని వర్దాన్ గారు నాతో అన్నారు."

అతను అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆ అద్దాలకు మరక ఏదీ ఉన్నట్టు లేదు.

"ఏ రంగు బట్టలు పెట్టాలి మీ దగ్గర?" అని అడిగాడు.

వదినె కూడా ఒకసారి దౌత్యంలో జోక్యం చేసుకుంది. వర్దాన్ ఆవేళ దిగులుగా ఉన్నాడు. యెరెవాన్ పార్లమెంటులో చట్టం గట్టెక్కింది. "రేపు రష్యావాళ్లు అలిగి కనుమ మూస్తే, ఈ లారీని ఐరోపాకు తోలనా? ఏ దారిన?" అంటున్నాడు. నేను తర్జుమా చేశాను. వదినె ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"వరదన్నా," అని తెలుగులోనే మొదలుపెట్టింది, "మాది వర్ని దిక్కు చందూర్. మా బాపు చెరుకు పెట్టెటోడు. కొనెటోడు ఒక్కడే, బోధన్ ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీయే తల్లి, ఫ్యాక్టరీయే తండ్రి. గది మూతవడ్డది. ఊరోళ్లందరు వరి పెట్టుకున్నరు. మా బాపు ఎన్నొద్దులో ఒక మడి చెరుకు పెడుతనే ఉండె. కొనెటోడు లేడు, గానుగ లేదు. ఎందుకే బాపూ అంటే, 'అలవాటు బిడ్డా, చెయ్యి ఊకోదు' అనేటోడు. మేం నవ్వెటోళ్లం కాదు. నువ్వు ఫికర్ జెయ్యకు. లగ్గానికి రా."

నేను అనువదించాను. 'మడి' దగ్గరా, 'చెయ్యి ఊకోదు' దగ్గరా నా రేడియో భాష చాలక రెండుసార్లు ఆగాను. వర్దాన్ అంతా విని, "ఆ మడి ఇప్పుడేమైంది?" అని అడిగాడు.

"వరే," అంది వదినె. "మా తమ్ముడు పెడుతుండు. మంచిగనే పండుతది. గట్టు మీద మటుకు రెండు చెరుకు మోళ్లు ఉన్నయి. ఎవలు పీకలే."

వర్దాన్ టికెట్ తీసుకుంటానన్నాడు.

ఉగాది దాటిన వారంలో ముహూర్తం. పసుపు ఎండి, డ్రమ్ములో పాలిష్ అయి, సంచుల్లోకి ఎక్కింది. కల్లం ఊడ్చి అక్కడే పందిరి వేశాం. సాయన్న, కమిటీ పక్షాన, విదేశీ ప్రతినిధులు కూర్చునేందుకు పరవడానికి కొత్త జాజిం ఏర్పాటు చేశాడు. గెవోర్గ్ రెండు రోజులు ముందుగానే దిగాడు. పెట్టెలో ఎర్రటి అంచున్న తెల్లని బట్టలు, మా వదినెకు తన అక్క, అంటే అరామ్ తల్లి, పెట్టుకున్న పాత వెండి దుద్దులు తెచ్చాడు. ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు.

"ఆయన నిజంగా ఆ మాట అన్నాడా?"

"నేను అనువాదకుణ్ణి," అన్నాను. రాజనీతి శాస్త్రంలో ఇంతకన్నా పటిష్ఠమైన సమాధానం నాకు తెలియదు.

వర్దాన్ ఆఖరి ట్రిప్పు ముగించుకుని, లారీ ఇంటి దగ్గర వదిలి, విమానం ఎక్కాలి. రెండు రోజులుగా సిగ్నల్ అందని ఆయన నుంచి, పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తెరంతా తెలుపు. ఆయన తిరిగి వస్తుండగా లార్స్ కనుమలో రెండు రోజుల కిందటే అకాలపు మంచు పడింది. దారి మూసేశారు. ముందూ వెనకా కొండ పొడుగునా లారీలు. వర్దాన్ ఫోన్‌ను అద్దం వైపు తిప్పి చూపించాడు. వైపర్లు కూడా మంచులో కూరుకుపోయి ఉన్నాయి.

అరామ్ ఫోన్ పట్టుకుని పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

గెవోర్గ్ అది చూసి ఇంగ్లిష్‌లో, ఎవరితోనూ కాకుండా, "ఆ దారి. ఎప్పుడూ ఆ దారే," అన్నాడు. అర్రలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

నా అబద్ధాలు రెండూ నా ముందు బారులు తీరి నిలబడ్డాయి. ఒక్క జాజిం మీద ఇద్దరూ అన్న షరతు వదినెది. ఆమె మాట తప్పదని ఊరికంతా తెలుసు. నిఖిత తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"అవ్వా, ఇప్పుడెట్ల?"

వదినె పెళ్లికి తెచ్చిన ఐరేని కుండల మీద సున్నం బొట్లు పెడుతోంది. చివరి కుండ పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

"మంచు పడితే గాయనేం జేస్తడు," అంది. "ఫోన్ల వస్తడు. ఫోన్ జాజిం మీద ఉంటది. కని పీట మీద పెడితే గాయనకు పందిరి కప్పే కనవడతది. ఎవలన్న పట్టుకోవాలె."

"నేను పట్టుకుంట," అన్నాడు సాయన్న. "కమిటీ తరఫున!"

"నువ్వు మా దిక్కోనివి అన్నా. పిల్లగాని దిక్కోళ్లే పట్టాలె. ఎదుర్కోళ్లల్ల ఈ దిక్కోడు ఆ దిక్కోన్ని మోస్తడా?"

మగపెళ్లివారి పక్షాన మా ఊళ్లో ఉన్న మనిషి ఒక్కడే. వదినె నా వైపు చూసింది. మూసి ఉన్న తలుపు దగ్గరికి పోయి, షరతును ఇంగ్లిష్‌లోకి మార్చి వినిపించాను.

పొద్దున డప్పులు మొదలయ్యాయి. మేం ఆడపెళ్లివాళ్లం షర్బత్ బిందెతో, గులాల్ పళ్లెంతో ఎదురు బయలుదేరాం. కల్లం అవతలి చివర, వేపచెట్టు నీడలో మగపెళ్లివారు నిలబడి ఉన్నారు. పెళ్లికొడుకు అరామ్, పక్కన ఇస్త్రీ చొక్కాలో గెవోర్గ్. అతని కుడిచెయ్యి తల ఎత్తున, ముందుకు చాచి ఉంది. చేతిలో ఫోన్. ఫోన్‌లో గొంతు దాకా గుండీలు పెట్టుకుని, తల దువ్వుకుని, లారీ క్యాబిన్‌లో వర్దాన్.

గెవోర్గ్ ఆ తెర వైపు చూడడం లేదు. ఎటో దూరంగా చూస్తున్నాడు. కాని మేం దగ్గరికి వచ్చినకొద్దీ మా ముఖాలు తెరలో పడేలా చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. వదినె ఫోన్‌కు గులాల్ బొట్టు పెట్టింది. షర్బత్ గ్లాసు చూపింది. అక్కడ కొండ మీద వర్దాన్ ఫ్లాస్క్ మూతలో టీ పోసుకుని ఎత్తి చూపాడు. డప్పుల వాళ్లు ఇంకో వరుస కొట్టారు.

జాజిం పరిచే ఉంది. గెవోర్గ్ కూర్చోలేదు. కూర్చుంటే జనం తలలు అడ్డం. నిలబడ్డాడు. పోలు పోసే తంతు ముగించారు, పంతులు మంత్రాలు చదివాడు, ఎండ పందిరి సందుల్లోంచి జారింది. చెయ్యి దిగలేదు. ఎడమచేతికి మార్చుకున్నాడు, మళ్లీ కుడికి మార్చుకున్నాడు. ఫొటోలు తీసే అతను స్టాండ్ తెచ్చి ఇచ్చాడు. గెవోర్గ్ వద్దని తల ఊపాడు.

మేనమామ బట్టలు పెట్టే వేళ వచ్చింది. రెండు చేతులతో పెట్టాలి. అతను ఫోన్ నాకిచ్చాడు. తెల్లని బట్టలు మేనల్లుడి చేతుల్లో పెట్టి, వంగి, అతని నుదురు తన నుదురుకు ఆనించుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. నేను ఆ దృశ్యం వర్దాన్‌కు కనపడేలా ఫోన్ చాచి నిలబడ్డాను. అనుభవం మీద చెబుతున్నాను, క్షణాల్లోనే భుజం పీకుతుంది.

గెవోర్గ్ లేచి నా దగ్గరికి వచ్చాడు. "నేను పట్టుకుంటాను, మీరు కూర్చోండి," అన్నాను.

అతను చెయ్యి చాచాడు. ఫోన్ ఇచ్చేశాను.

తలంబ్రాల వేళకు అతని మోచెయ్యి స్పష్టంగా వణుకుతోంది. తెరలో పెళ్లి కూడా వణికి ఉంటుంది. అప్పుడు ఫోన్‌లోంచి వర్దాన్ గొంతు వినిపించింది. రష్యన్ కాదు. వాళ్ల అర్మేనియన్. నేను తలవంచి చెవి పెట్టాను. నా మహా రాయబారానికంతటికీ పతాకం ఎగరవలసిన ఆ క్షణంలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"త్సావ్ద్ తానెమ్, గెవోర్గ్," అన్నాడు వర్దాన్. ఇంకా ఏదో అన్నాడు.

గెవోర్గ్ మొదటిసారి తెర వైపు చూశాడు. ఏదో పొట్టిగా, కసురుతున్నట్టే అన్నాడు. చెయ్యి మరికాస్త పైకెత్తాడు.

పీటల మీద, నెత్తినిండా తలంబ్రాల బియ్యంతో నిఖిత నవ్వూ ఏడుపూ కలిపి చేస్తోంది.

"ఏమన్నడే?" అని వదినె గట్టిగానే అడిగింది.

"ఈయన బాపు, 'నీ నొప్పి నేను తీసుకపోత, చెయ్యి దించు' అన్నడు."

"మరి మామ?"

"'మాట్లాడకు. పిల్లగాన్ని సూడు' అన్నడు."

వదినె తలంబ్రాల పళ్లెంలోంచి పిడికెడు తీసుకుంది. పెళ్లి జంట మీద కొన్ని చల్లి, మిగిలినవి ఫోన్ మీద, ఆ ఫోన్ పట్టుకున్న చెయ్యి మీద చల్లింది.

ఆ సాయంత్రం గెవోర్గ్ భుజం పైకి లేవలేదు. వదినె కొత్త పసుపు నువ్వుల నూనెలో వెచ్చజేసి పట్టు వేసింది. ఐరోపా పక్షపాతి తన భుజం మీద మా పంట రంగుతో విమానం ఎక్కాడు. నాలుగోనాడు కనుమ తెరిచారు. తెరవగానే వర్దాన్ నాకు ఫోన్ చేశాడు.

"నేను రాకుండా గెవోర్గ్ కూర్చోనన్నాడని మీరు చెప్పినప్పుడు అబద్ధమనుకున్నాను," అన్నాడు. "చూశాను. పెళ్లి అయ్యేదాకా కూర్చోలేదు."

దౌత్య మర్యాదలను పాటించి నేను లారీ టైర్ల యోగక్షేమాలు అడిగాను.

పిల్లలు యెరెవాన్ వెళ్లిపోయారు. ఆ కాలం తరువాత మా ఇంట్లో మారినవి పెద్దగా ఏమీ లేవు. వదినె పొద్దున లేచి, నిజామాబాద్ యార్డులో పసుపు ధర అడగడానికి ముందు, లార్స్ కనుమలో మంచు ఉందా అని అడుగుతుంది. రాజ్యం ఏ వైపు మొగ్గుతుందో నేను చెప్పలేను. ముందటి అర్రలో కూర్చుని, ఈ వయసులో, అర్మేనియన్ అక్షరాలు దిద్దుతున్నాను.

మొన్న గ్యుమ్రి నుంచి వీడియో ఫోన్ వచ్చింది. వర్దాన్ ఇంట్లో బల్ల, రొట్టె, మేం పంపిన పసుపు డబ్బా. బల్లకు ఆ పక్కన గెవోర్గ్. మాకు నమస్కారం పెట్టడం మరచి ఇద్దరూ బిగ్గరగా అరుచుకుంటున్నారు. నాకు గ్యాసు, ఐరోపా, లార్స్ అన్న మాటలు మటుకే దొరికాయి.

వదినె నా భుజం మీదుగా తొంగి చూసింది. "ఏమంటుండ్రు?"

"కొట్లాడుకుంటున్నారు వదినె."

"ఒక్క బల్ల కాడనేనా?"

"ఒక్క బల్ల దగ్గరే."

"మంచిగైంది." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఫోన్ ఎవలు వట్టుకున్నరు?"

చూశాను. తెర అంచున నెరిసిన మీసం సగమే కనిపిస్తోంది. బామ్మర్ది పూర్తిగా తెరలో పట్టేలా వర్దాన్ చెయ్యి పొడుగ్గా చాచి ఉంచాడు.

"వరదన్న."

"జర దించుమను," అంది వదినె. "చెయ్యి నొస్తది."

నేను రష్యన్ వెతుక్కోలేదు. నేర్చుకున్న 'త్సావ్ద్ తానెమ్' అనే ఆ రెండు మాటలతోనే మొదలుపెట్టాను.